ఎస్ సైజా, ఎం సైజా? ముందు సామానంతా వేసుకుని తూకం ఎక్కండి

ప్రశ్న: శిక్షణ పూర్తయ్యాక రెండు సీజన్లుగా ఈఎన్-ఎ తరగతి, అంటే కొత్తవాళ్లకు తగిన పారాగ్లైడర్ మీద ఎగురుతున్నాను. థర్మల్స్‌లో (పైకి లేచే వేడిగాలిలో) గంటకు పైగా నిలబడగలుగుతున్నాను. ఇప్పుడు ఇంటర్మీడియట్ వింగ్‌కి, అంటే ఈఎన్-బికి మారాలని ఉంది. నా బరువు 68 కిలోలు. నాకు నచ్చిన మోడల్‌లో ఎస్ సైజు 70–90 కిలోలకు, ఎం సైజు 82–104 కిలోలకు అని ఉంది. ఆ లెక్కన నేను ఎస్‌కి కూడా సరిపోను! తోటి పైలట్ ఒకరు అదే మోడల్‌లో తన పాత ఎం సైజు ఇస్తానంటున్నారు. పెద్ద వింగ్ నెమ్మదిగా దిగుతుంది కాబట్టి అదే సేఫ్ అంటారాయన. ఇంకొకరేమో చిన్నదైతేనే గాలికి ఎదురు వెళ్లగలదంటున్నారు. వీటికి తోడు యాస్పెక్ట్ రేషియో, సెల్స్ అంటూ బ్రోషర్ల నిండా అంకెలు. వీటిలో ఏది చూడాలి, ఏది వదిలేయాలి?
– పేరు వద్దన్న పాఠకుడు

సమాధానం: మీ లెక్క మొదటి అంకె దగ్గరే దారి తప్పింది. వింగ్ మీద రాసిన 70–90 కిలోలు మీ ఒంటి బరువు కాదు, టేకాఫ్ బరువు. మీ కాళ్లు నేల వదిలినప్పుడు మీతో పాటు పైకి లేచే ప్రతి వస్తువూ అందులోకి వస్తుంది. చివరికి ఆ వింగ్ బరువు కూడా. కొన్ని కంపెనీలు ఒంటి బరువుకు, టేకాఫ్ బరువుకు పక్కపక్కనే రెండు వరుసలు ఇస్తాయి. తొందరలో ఒకటి చూడబోయి ఇంకొకటి చూసేవాళ్లు తక్కువేం కాదు.

మీ సామాను నేను చూడలేదు కాబట్టి మామూలుగా ఉండే బరువులతో లెక్క వేద్దాం. మీరు 68. బట్టలు, జాకెట్, బూట్లు కలిపి 3. హెల్మెట్, గ్లోవ్స్ 1. కూర్చునే హార్నెస్ 4.5, రిజర్వ్ పారాచూట్ 2, వింగ్ 5. ఎక్కుతున్నామో దిగుతున్నామో చూపే వేరియోమీటర్, రేడియో, ఫోన్ 1. నీళ్లు, తిండి 2. హార్నెస్ వెనక దోపుకునే ఖాళీ బ్యాగ్ 1.5. మొత్తం 88 కిలోలు, అంటే ఒంటి బరువు మీద 20 కిలోలు అదనం. తేలికరకం సామానైతే ఈ అదనం 12, 13 కిలోలకు దిగుతుంది, బరువైన హార్నెస్ అయితే 25 దాకా పోతుంది. అందుకే ఊహించవద్దు. అన్నీ తగిలించుకుని, వింగ్ చేతిలో పట్టుకుని తూకం ఎక్కండి. చల్లటి రోజున వేసుకునే బట్టలతోనే ఎక్కండి. కొలిచేది ఎక్కువ బరువు ఉన్న రోజున కొలవాలి.

మీ తూకం కూడా 88 దగ్గరే వచ్చిందనుకుందాం. అప్పుడు చిక్కు నిజంగానే ఉంది. ఎస్ సైజులో మీరు పై అంచుకు రెండు కిలోల దూరంలో ఉంటారు. ఎం సైజులో కింది పావు భాగం కాస్త దాటి ఉంటారు. రెండూ ధ్రువీకరించిన పరిధిలోనివే. మరి తేడా ఎక్కడ?

దానికి ముందు ఈ పరిధి ఎలా పుడుతుందో తెలియాలి. యూరోపియన్ ప్రమాణం ఈఎన్ 926లో రెండు భాగాలున్నాయి. మొదటిది గుడ్డ, లైన్లు ఎంత లోడ్‌కు తట్టుకుంటాయో చూస్తుంది. గరిష్ఠ బరువుకు 8 రెట్ల లోడ్‌ను వింగ్ భరించాలి. రెండోది ఎగిరేటప్పటి ప్రవర్తనను చూస్తుంది. ఎ, బి, సి, డి అనే అక్షరాలు ఇందులోంచే వస్తాయి. ఎ అన్నింటికంటే సౌమ్యం, డి అన్నింటికంటే కఠినం. ప్రతి సైజునూ పరిధి కింది అంచు బరువుతో ఒకసారి, పై అంచు బరువుతో ఒకసారి టెస్ట్ పైలట్లు ఎగరేస్తారు. కావాలని వింగ్‌ను ముడుస్తారు, స్టాల్ చేస్తారు (రెక్క ఎత్తే శక్తి కోల్పోయేలా నెమ్మదింపజేస్తారు), గిర్రున తిరుగుతూ దిగే స్పైరల్ వేస్తారు. ఒక్కో విన్యాసానికి ఒక్కో గ్రేడ్ వేసి, అన్నింటిలో అధ్వానంగా వచ్చినదాన్నే ఆ సైజు తరగతిగా తీసుకుంటారు. ఇరవై చోట్ల ఎ వచ్చి ఒక్కచోట సి వస్తే ఆ సైజు సి కిందే లెక్క. కాబట్టి ‘ఈ మోడల్ ఈఎన్-బి’ అనేది సగం మాటే. ఫలానా సైజు, ఫలానా బరువుల మధ్య ఈఎన్-బి అన్నప్పుడే అది పూర్తి మాట. ఒకే మోడల్‌లో మధ్య సైజులు బి తెచ్చుకుని, మరీ చిన్న సైజు సి దగ్గర ఆగిపోవడం కూడా జరుగుతుంది.

ఈ పరీక్షలు ప్రశాంతమైన గాలిలో చేస్తారన్నది కూడా గుర్తుంచుకోండి. వింగ్ ముడుచుకుంటే ఎలా కోలుకుంటుందో అవి చెబుతాయి గానీ, గతుకుల గాలిలో ఎంత తరచుగా ముడుచుకుంటుందో చెప్పవు. మీ ఇద్దరు సలహాదారుల వాదనలోని చిక్కుముడి ఇక్కడే ఉంది.

ఇప్పుడు అంకెల్లోకి వద్దాం. విస్తీర్ణాలు మీరు రాయలేదు కాబట్టి ఆ బరువు పరిధులకు మామూలుగా ఉండేవి తీసుకుంటున్నాను. ఎస్ 24 చదరపు మీటర్లు, ఎం 26.2 చదరపు మీటర్లు. రెండూ నేలమీద పరిచి కొలిచిన విస్తీర్ణాలు. గాలిలో వింగ్ విల్లులా వంగి ఉంటుంది కదా, కింద పడే నీడను కొలిస్తే అంతకంటే ఓ 15 శాతం తక్కువ వస్తుంది. బ్రోషర్లలో రెండు అంకెలూ ఉంటాయి. ఒక మోడల్‌ పరిచిన విస్తీర్ణాన్ని ఇంకో మోడల్‌ నీడ విస్తీర్ణంతో మాత్రం పోల్చకండి.

మీ 88 కిలోలను ఎస్ మీద పంచితే చదరపు మీటరుకు 3.67 కిలోలు, ఎం మీద పంచితే 3.36 కిలోలు. ఇదే వింగ్ లోడింగ్. తేడా 9 శాతం. వేగం మాత్రం అంతే నిష్పత్తిలో పెరగదు, వర్గమూలం లెక్కన పెరుగుతుంది. కాబట్టి వేగంలో తేడా నాలుగున్నర శాతమే. ఎం మీద బ్రేకు తాళ్లు లాగకుండా చేతులు పైకి వదిలేస్తే గంటకు 36.5 కిలోమీటర్లు వెళ్తారనుకుంటే, ఎస్ మీద 38 చిల్లర వెళ్తారు. దిగే వేగం కూడా అదే నిష్పత్తిలో మారుతుంది. సెకనుకు 1.10 మీటర్లు కాస్తా 1.15 అవుతుంది. మీ మిత్రుడు చెబుతున్న ‘నెమ్మదిగా దిగడం’ ఇంతే, సెకనుకు ఐదు సెంటీమీటర్లు. ఇక గ్లైడ్ రేషియో, అంటే ఒక మీటరు కిందికి దిగేలోపు ఎన్ని మీటర్లు ముందుకు పోతారన్నది, గాలి లేనప్పుడు రెండింటిలోనూ దాదాపు ఒకటే.

ఎదురుగాలి ఉంటే కథ మారుతుంది. 20 కిలోమీటర్ల ఎదురుగాలిలో ఎం నేల మీద 16.5 వేగంతో కదిలితే, ఎస్ 18 పైన కదులుతుంది. 30 కిలోమీటర్ల గాలిలో 6.5కు 8.1, అంటే దాదాపు పావు వంతు ఎక్కువ. ఇది చూసి రెండో సలహాదారు గెలిచారనుకోవద్దు. ఈ దశలో మీరు 30 కిలోమీటర్ల గాలిలో పైన ఉన్నారంటే తప్పు సైజు ఎంపికలో లేదు, ఆ రోజు ఎగరాలన్న నిర్ణయంలో ఉంది.

వేగం కంటే నాకు ముఖ్యంగా కనిపించేది వింగ్ లోపలి ఒత్తిడి. పారాగ్లైడర్‌కు గట్టి ఎముకలు లేవు. డొమినా జాల్బర్ట్ పారాఫాయిల్‌కు 1966లో పేటెంట్ వచ్చిన నాటి నుంచి ఇదే సూత్రం. ముందు అంచులోని నోళ్లలోంచి దూరిన గాలే గుడ్డను రెక్కగా నిలబెడుతుంది. ఆ ఒత్తిడి వేగం వర్గాన్ని బట్టి ఉంటుంది, వేగం వర్గం లోడింగ్‌ను బట్టి ఉంటుంది. అంటే లోడింగ్ 9 శాతం పెరిగితే ఒత్తిడీ 9 శాతం పెరిగినట్టే. తక్కువ బరువుతో పెద్ద వింగ్ కింద వేలాడేవాళ్లకు అది గాలి తగ్గిన సైకిల్ ట్యూబులా మెత్తగా అనిపిస్తుంది. బ్రేకుల్లో బిగువు ఉండదు, వింగ్ ఏం చెబుతోందో చేతులకు ఆలస్యంగా తెలుస్తుంది. థర్మల్ అంచు తగిలినప్పుడు ముడుచుకునే అవకాశమూ ఎక్కువ. కాబట్టి ‘పెద్దది సేఫ్’ అన్న మాటను నేను ఒప్పుకోను. పెద్ద వింగ్ నెమ్మది, అంతవరకు నిజమే.

అలాగని ‘చిన్నది సేఫ్’ అనీ ఒప్పుకోను. ఎక్కువ బరువు మోసే వింగ్ తక్కువసార్లు ముడుచుకుంటుంది. కానీ ముడుచుకున్నప్పుడు చాలా చురుగ్గా స్పందిస్తుంది. ముందుకు దూకడం, తిరగడం వేగంగా జరిగిపోతాయి. బి తరగతిలో ఒక పక్క ముడుచుకున్నాక తిరిగి తెరుచుకునేలోపు వింగ్ 180 డిగ్రీల దాకా తిరగవచ్చు, ప్రమాణం దానికి ఒప్పుకుంటుంది. కొండవాలుకు దగ్గరగా ఉన్నప్పుడు ఆ సగం చుట్టు ఎంత వేగంగా పూర్తయిందన్నది చిన్న విషయం కాదు. స్టాల్ అయ్యే వేగం, దిగేటప్పటి వేగం కూడా నాలుగున్నర శాతం పెరుగుతాయి. రెక్కను ఒకే కోణంలో పక్కకు వాల్చి తిరిగితే చుట్టు వ్యాసం 9 శాతం పెద్దదవుతుంది, బలహీనమైన ఇరుకు థర్మల్‌లో ఆ తేడా తెలుస్తుంది.

పైగా ఎస్ అంటే ఎంను ఫొటోకాపీ మెషీన్‌లో తగ్గించి తీసినది కాదు. కొలతలన్నీ సుమారు 4 శాతం తగ్గించవచ్చు. లైన్ల మందాన్ని అలా తగ్గించలేం, మోయాల్సిన బరువు ఉంటుంది కదా. ఇంటర్మీడియట్ వింగ్‌లో లైన్లన్నీ ఒకదాని వెనక ఒకటి పరిస్తే రెండు వందల మీటర్లకు పైనే పొడవు వస్తాయి. వాటికి గాలి ఇచ్చే అడ్డు, మీ ఒంటికి గాలి ఇచ్చే అడ్డు చిన్న వింగ్‌కు కాస్త ఎక్కువ భారం. లైన్లు పొట్టివి కాబట్టి లోలకం ఊపు కూడా త్వరగా వస్తుంది. అందుకే ఒకే లోడింగ్‌తో ఎగిరినా చిన్న సైజు పెద్దదానికంటే హుషారుగా ఉంటుంది. తేలిక పైలట్లకు ఇది కొంత అన్యాయమే. 60 కిలోల మనిషి కొన్న ఈఎన్-బి, 90 కిలోల మనిషి కొన్న అదే ఈఎన్-బి చేతిలో ఒకేలా ఉండవు.

ఇక యాస్పెక్ట్ రేషియో. రెక్క పొడవును దానితోనే గుణించి విస్తీర్ణంతో భాగిస్తే వచ్చే అంకె అది. 24 చదరపు మీటర్లకు 5.3 అయితే రెక్క పొడవు 11.3 మీటర్లు. రెక్క సన్నగా పొడుగ్గా ఉంటే కొసల దగ్గర సుడులు తిరిగే గాలి వల్ల పోయే శక్తి తగ్గుతుంది, గ్లైడ్ మెరుగవుతుంది. దానికి మూల్యం కూడా ఉంది. కొసలు మీ చేతులకు దూరమవుతాయి. గతుకుల గాలిలో రెక్క పక్కలకు ఊగుతుంది. ముడుచుకున్న కొస లైన్ల మధ్య ఇరుక్కుపోవడం, పైలట్లు క్రవాట్ అనేది, ఎక్కువవుతుంది. సుమారుగా చెప్పాలంటే ఈఎన్-ఎ వింగ్స్ 5 లోపు, బి తరగతి 5 నుంచి 5.8 దాకా ఉంటాయి. ఈ బి చాలా వెడల్పైన తరగతి. అందుకే పైలట్లు లో-బి, హై-బి అని తమలో తాము విడదీసుకుంటారు. ప్రమాణంలో ఆ మాటలు లేవు. 5.2 ఉన్నది, 5.7 ఉన్నది ఒకే అక్షరం కింద అమ్ముడవుతాయి, కానీ ఈ రెండూ మీ నుంచి ఒకేలాంటి పైలట్‌ను కోరవు. ఈఎన్-ఎ నుంచి నేరుగా వచ్చే మీకు 5.3 లోపు చాలు. 5.7 వైపు చూడాలంటే ముడుచుకున్న వింగ్‌ను నీళ్ల మీద, ఇన్‌స్ట్రక్టర్ రేడియోలో ఉండగా సరిచేసిన అనుభవం ముందు ఉండాలి.

సెల్స్ సంఖ్యను ఇంత తీవ్రంగా తీసుకోనక్కర్లేదు. సెల్ అంటే రెక్క లోపల రెండు రిబ్బుల (నిలువు గుడ్డ గోడల) మధ్య గది. గదులు పెరిగితే వాటి మధ్య గుడ్డ ఉబ్బడం తగ్గి, రెక్క ఆకారం డిజైనర్ గీసినదానికి దగ్గరగా వస్తుంది. కుట్టుపని, బరువు పెరుగుతాయి. 45 గదులున్నది సులువు, 58 ఉన్నది కష్టం అని చెప్పడానికి లేదు. ముందు అంచులో వంకీలా లోపలికి తిరిగిన షార్క్ నోస్ ఉందా అన్నది కొంచెం పనికొచ్చే ప్రశ్న. దానివల్ల ఎదురొచ్చే గాలితో రెక్క చేసే కోణం మారుతున్నా లోపలి ఒత్తిడి నిలకడగా ఉంటుంది, బ్రేకులు లోతుగా లాగినప్పుడైనా, వేగం పెంచే స్పీడ్ బార్ కాలితో తొక్కినప్పుడైనా. ఇప్పటి ఇంటర్మీడియట్ వింగ్స్‌లో చాలావాటికి ఇది ఉంది. ఆ ఆకారాన్ని నిలబెట్టే నైలాన్ పుల్లలు వంగిపోకుండా, రిబ్బు మీద రిబ్బు పేర్చి మడతపెట్టడం అలవాటు చేసుకోండి.

బ్రోషర్లలో పెద్దగా రాయరు గానీ నేను చూసే అంకె ఒకటుంది: బ్రేకును ఎంత లాగితే స్టాల్ అవుతుంది? గరిష్ఠ బరువు 80–100 కిలోల మధ్య ఉన్న సైజుకు ఎ, బి తరగతుల్లో ఈ దూరం 60 సెంటీమీటర్లకు పైన ఉండాలి. సి తరగతిలో 45 దాకా తగ్గవచ్చు. భయపడ్డ చేయి సాధారణంగా కిందికే లాగుతుంది, అప్పుడు ఆ 15 సెంటీమీటర్లు చాలా విలువైనవి. టెస్ట్ రిపోర్టులో ఇది ఉంటుంది. కొనేముందు బ్రోషర్ పక్కన పెట్టి ఆ రిపోర్ట్ చదవండి. మీ సైజుది మాత్రమే చదవండి. కింది బరువు వరుసలో, పై బరువు వరుసలో ఏ విన్యాసానికి బి వచ్చిందో చూస్తే ఆ వింగ్ స్వభావం సగం తెలిసిపోతుంది.

మీ మిత్రుడి పాత ఎం సంగతి. ఇక్కడ సైజు, వయసు కలిసి మిమ్మల్ని ఇబ్బంది పెట్టగలవు. వింగ్ బరువులో ఎక్కువ భాగాన్ని ముందు వరుస లైన్లు మోస్తాయి. వెనక లైన్ల మీద లోడ్ తక్కువ. అవి డైనీమా అనే పీచుతో చేసినవైతే లోడ్ లేక కాలం గడిచేకొద్దీ కొద్దికొద్దిగా కుంచించుకుపోతాయి. వెనక అంచు కిందికి లాగినట్టవుతుంది, రెక్క కోణం పెరుగుతుంది, వేగం తగ్గుతుంది. ఎవరూ బ్రేకు పట్టకపోయినా కాస్త పట్టినట్టే ఎగురుతుందన్నమాట. దీనికి పాతబడి గాలి జారవిడిచే గుడ్డ తోడైతే, ఆ పైన పైలట్ కూడా తేలికైతే, వింగ్ తెరుచుకునే ఉండి ముందుకు పోకుండా నిలువునా దిగిపోయే డీప్ స్టాల్‌కు దగ్గరవుతుంది. 100 కిలోల యజమానికి ఏ ఇబ్బందీ పెట్టని వింగ్ 88 కిలోల మీకు పెట్టవచ్చు. కాబట్టి ఆయన ‘నాకు బాగానే ఎగిరింది’ అన్న మాట మీకు సర్టిఫికెట్ కాదు. వర్క్‌షాప్‌లో లైన్ల పొడవులు లోడ్ పెట్టి కొలిపించండి, గుడ్డ గాలిని ఎంత ఆపుతుందో పరీక్ష చేయించండి, ఒక ముందు లైన్‌ను తెంపి బలం చూడమనండి. ఈ తనిఖీ ఎన్ని గంటలకు, ఎన్నేళ్లకు చేయించాలో మాన్యువల్‌లో ఉంటుంది. సాధారణంగా రెండేళ్లకో, 100 గంటలకు కాస్త అటూఇటూనో. టేకాఫ్‌లో వింగ్ తల మీదికి రాకుండా వెనకే వేలాడుతుంటే తనిఖీ దాకా కూడా ఆగక్కర్లేదు, వద్దని చెప్పేయండి.

మరి ఏది తీసుకోవాలి? ఈ రెంటిలో ఒకటే అంటే, మీరున్న దశకు నా ఓటు ఎస్‌కు, ఒక షరతుతో. అన్నీ తగిలించుకున్నాక 90 దాటకూడదు. ఇప్పుడున్న రెండు కిలోల వెసులుబాటు మరీ తక్కువ. ఇంకో లీటరు నీళ్లు, మందపాటి జాకెట్ చాలు దాన్ని మింగేయడానికి. పై అంచు దాటాక ఆ వింగ్ పడిపోతుందని కాదు, ఆ బరువు దగ్గర అదెలా ప్రవర్తిస్తుందో ఎవరూ పరీక్షించి ధ్రువీకరించలేదని. హార్నెస్‌లో, బ్యాగ్‌లో రెండు మూడు కిలోలు తగ్గించగలిగితే ఎస్ హాయిగా సరిపోతుంది. తగ్గించలేనంటే, బలహీనమైన గాలిలో సాయంత్రాలు ఎగరడమే మీ అలవాటైతే, తనిఖీలో నెగ్గిన ఎం కూడా నడుస్తుంది. మధ్యాహ్నం థర్మల్స్‌లో ఎగిరేవాళ్లకు మాత్రం నేను పరిధిలో పై సగమే చెబుతాను.

కానీ ఈ రెండింటి మధ్యే ఎందుకు కూరుకుపోవాలి? ఎస్, ఎం, ఎల్ అన్న అక్షరాలకు ఏ ప్రమాణమూ లేదు. ఒక కంపెనీ ఎస్ ఇంకో కంపెనీ ఎం కావచ్చు, కొందరు మధ్యలో ఎంఎస్ అని ఇంకొకటి దూరుస్తారు. గీతలు ఎవరికి నచ్చిన చోట వాళ్లు గీస్తారు. 75–95 పరిధి ఉన్న లో-బి వింగ్ వెతకండి. మీ 88 అందులో మూడింట రెండు వంతుల దగ్గర పడుతుంది, అటు ఏడు కిలోలు, ఇటు పదమూడు కిలోల వెసులుబాటు. ‘నచ్చిన మోడల్’ అన్నారు గానీ, నచ్చిన మోడల్‌లో కుదరని సైజు కంటే రెండో ఇష్టం మోడల్‌లో కుదిరిన సైజే మిమ్మల్ని ఎక్కువసేపు పైన ఉంచుతుంది. దొరికితే ముందు గ్రౌండ్ హ్యాండ్లింగ్, అంటే నేల మీదే నిలబడి వింగ్‌ను పైకి లేపి అదుపు చేయడం, చేసి చూడండి, తర్వాత ప్రశాంతమైన ఉదయం ఒక ఫ్లైట్. టెన్షన్ లేకుండా వింగ్‌ను వినడానికి అదే మంచి వేళ.

ఇంకో రెండు విషయాలు. హార్నెస్ ఛాతీ పట్టీ వెడల్పు మాన్యువల్‌లో చెప్పినంతే పెట్టుకోండి. పరీక్షలూ నిర్ణీత వెడల్పుతోనే జరుగుతాయి. పట్టీ వదులైతే వింగ్ ఊపంతా మీ నడుముకు చేరుతుంది, మరీ బిగిస్తే లైన్లు మెలితిరిగే ప్రమాదం పెరుగుతుంది. రెండోది, తూకం ఎక్కిన రోజే మీ రిజర్వ్ పారాచూట్ మీద రాసిన గరిష్ఠ బరువు చూడండి. మీ ఒంటి బరువును నమ్మి కొన్నదైతే అది 80 కిలోల రకం అయ్యుండొచ్చు. అదే నిజమైతే కొత్త వింగ్ కంటే ముందు మార్చాల్సింది దాన్ని.